కంప్యూటర్ చెస్ పోటీకి కోర్ల హద్దు పెట్టాలా?

గుర్రపుఎత్తు: ప్రపంచ కంప్యూటర్ చెస్ పోటీలో 2009లో, స్పెయిన్‌లోని పాంప్లోనాలో, మిషన్‌కి 8 కోర్లు (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు) దాటకూడదన్నారు. మరుసటి ఏడే ఆ హద్దు ఎత్తేశారు. మేం ఇంజిన్లకి, అంటే చెస్ ఆడే ప్రోగ్రాములకి, చిన్న పోటీ పెడుతున్నాం. హద్దు పెట్టాలా, అందరినీ ఒకే మిషన్ మీద ఆడించాలా? ఓపెనింగ్ బుక్ (ముందే రాసిపెట్టుకున్న మొదటి ఎత్తులు), టేబుల్‌బేస్ (కొద్ది పావులే మిగిలినప్పటి సరైన ఎత్తుల పట్టిక) సంగతి కూడా చెప్పండి.

బంటుగాడు: ఒకే మిషన్, ఇంకో మాట లేదు. పోయినసారి నేను లాప్‌టాప్ తీసుకెళ్తే అవతలాయన ఆఫీసు సర్వర్‌కి కనెక్ట్ అయి కూర్చున్నాడు. నెల్లాళ్లు నిద్ర మానుకుని రాసిన, ఎత్తులు వెతికే సెర్చ్ కోడ్ ఏం కావాలి?

శకటు64: డబ్బుంటే గెలుస్తారనేది వట్టి అపోహ. 1995లో హాంకాంగ్‌లో పెంటియం 90 అనే మామూలు పీసీ మీద ఆడిన ఫ్రిట్జ్ ప్రోగ్రామ్ ఐబీఎం వాళ్ల సూపర్ కంప్యూటర్ డీప్ బ్లూనే ఓడించింది.

ఏనుగుబలం: అది డీప్ బ్లూ కాదు సార్. డీప్ బ్లూ ప్రోటోటైప్ (తొలి నమూనా) అని పేరు పెట్టారంతే, లోపలున్నది దానికి ముందటి పాత మిషన్ డీప్ థాట్ 2. ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్‌ని 1997లో ఓడించిన అసలు డీప్ బ్లూలో 480 చెస్ చిప్‌లున్నాయి.

శకటు64: పేరు వాళ్లే పెట్టుకున్నారు కదా? ఓడాక ప్రోటోటైప్, గెలిస్తే డీప్ బ్లూ!

ఏనుగుబలం: నేను పదిహేనేళ్లుగా ఇంజిన్లు రాస్తున్నా. చదివి రండి.

శకటు64: రాస్తే రాశారు, ఒక ఆటతో ఏం తేలదని చెప్పుంటే ఒప్పుకునేవాణ్ణి. సీనియారిటీ ఎందుకు మధ్యలో?

మంత్రిగారి_మిత్రుడు: మీరింకా కోర్ల దగ్గరే ఉన్నారు. లీలా అనే ఇంజిన్ జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) మీద ఆడుతుంది, స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్ సీపీయూ (మామూలు ప్రాసెసర్) మీద. ఒక జీపీయూ ఎన్ని కోర్లకు సమానం? ధర చూడాలా, కరెంటు వాడకమా? 2017లో గూగుల్ వాళ్ల ఆల్ఫాజీరో 4 టీపీయూలతో (గూగుల్ సొంత ఏఐ చిప్‌లు) ఆడితే స్టాక్‌ఫిష్‌కి 64 థ్రెడ్లు (ఒకేసారి నడిచే లెక్కలు), 1 జీబీ హాష్ (చూసిన పొజిషన్లు దాచుకునే మెమరీ) ఇచ్చారు. ఆల్ఫాజీరోకి 28 గెలుపులు, 72 డ్రాలు. అంత మిషన్‌కి 1 జీబీ ఏమిటండీ?

బంటుగాడు: కరెంటు అంటే గుర్తొచ్చింది, యూపీఎస్ పెట్టండి. మాకు గెలిచే పొజిషన్‌లో కరెంటు పోయింది, టైమ్ అయిపోయి ఓడామన్నారు.

ఏనుగుబలం: ఒకే మిషన్ అంటే హైడ్రా లాంటి, చెస్ కోసమే కట్టిన మిషన్లు పుట్టేవే కావు. ఎఫ్‌పీజీఏ (కావలసినట్టు మలుచుకునే చిప్) కార్డులతో అది 2005లో ఇంగ్లండ్ గ్రాండ్‌మాస్టర్ మైకేల్ ఆడమ్స్‌ని 5½–½తో చిత్తు చేసింది. చిప్ గీసేవాడి తెలివి తెలివి కాదా?

గుర్రపుఎత్తు: అందుకే 2010లో ప్రపంచ పోటీ వాళ్లు ఏ మిషన్ అయినా తెచ్చుకునే ఓపెన్ పోటీతో పాటు ఒకే మిషన్ మీద సాఫ్ట్‌వేర్ పోటీ విడిగా పెట్టారు. మాకు రెండు పెట్టే బడ్జెట్ లేదు. టేబుల్‌బేస్ గురించి ఎవరూ చెప్పలేదు.

శకటు64: ముందు ఫ్రిట్జ్ సంగతి తేల్చండి.

మంత్రిగారి_మిత్రుడు: యూపీఎస్ ఎంతది తీసుకోవాలి బంటుగాడు గారూ? జీపీయూ ఉంటే మామూలుది ఆగదు.