నది సంస్థలో ఉద్యోగం వచ్చింది, చేరనా? అక్కడ అసలు పనేంటో తెలిసినవాళ్ళు చెప్పండి

కానూరు అమ్మాయి:

అందరికీ నమస్తే. ఈ ఏడాదే ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అయిపోయింది. విజయవాడలో కృష్ణ, కాలవల మీద పనిచేసే ఒక చిన్న సంస్థవాళ్ళు ఫీల్డ్ కోఆర్డినేటర్‌గా రమ్మన్నారు. పేరు ఇక్కడ రాయను. జీతం 22 వేలు. ఆఫీసంటే ఒక మేడ మీద రెండు గదులు, ఓ ఏడెనిమిది మంది మనుషులు. ఇంటర్వ్యూలో బండి నడపడం వచ్చా, తెలుగులో అర్జీ రాయగలవా, పొద్దున్నే లేస్తావా అని అడిగారు, సబ్జెక్టులో అడిగింది ఒక్కటే ప్రశ్న. ఇంకోవైపు హైదరాబాద్‌లో ఒక ఫార్మా కంపెనీ ల్యాబులో కూడా వచ్చేలా ఉంది, అక్కడ జీతం కాస్త ఎక్కువే. మా నాన్నేమో "కాలవలో చెత్త ఏరడానికా నిన్ను ఇంత చదివించింది" అని రెండు రోజులుగా సరిగ్గా మాట్లాడట్లేదు. అక్కడ ఎలాంటివాళ్ళు పనిచేస్తారు, రోజంతా ఏం చేస్తారు, ఏడాది తర్వాత కూడా ఆ ఉద్యోగం ఉంటుందా అన్నది నాకు తెలియాలి. ఇష్టం ఉంటే చెయ్యి లాంటి సలహాలు వద్దు, అవి ఇంట్లో చాలా వచ్చాయి.

రైవస్ గట్టు:

చెల్లెమ్మా, ఇలాంటి సంస్థలోనే కొన్నేళ్ళు చేశాను, ఇప్పుడు వేరే ఊళ్ళో ఉన్నాను కాబట్టి మొహమాటం లేకుండా చెప్తా. నాన్నగారికి తెలిసింది పేపర్లో ఫొటో. ఆదివారం పొద్దున ఘాటు దగ్గర టోపీలు, గ్లోవ్స్, బ్యానరు, కాలేజీ పిల్లలకి సర్టిఫికెట్లు. అది ఎప్పుడో ఒకసారి. మిగతా రోజుల్లో జరిగేదే నీ ఉద్యోగం, దానికి ఎవరూ ఫొటో తీయరు.

ముందు అర్జీల సంగతి. కాలవలో నీళ్ళు జలవనరుల శాఖవి, గట్టు మీద చెత్త కార్పొరేషన్‌ది, డ్రైను వచ్చి కాలవలో కలుస్తుంటే అదీ కార్పొరేషన్‌దే, కానీ ఆ కలిసిన నీళ్ళు ఎంత పాడయ్యాయో చెప్పాల్సింది కాలుష్య నియంత్రణ మండలి. ప్రకాశం బ్యారేజీ దాటితే తాడేపల్లి, అది గుంటూరు జిల్లా. ఇవతలి ఒడ్డు 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. అంటే ఒకే నదికి ఇటో కలెక్టరు, అటో కలెక్టరు. నువ్వు ఒక కాగితం పట్టుకుని వెళ్తే ఇది మా పరిధి కాదమ్మా అని ప్రతి టేబులు దగ్గరా మర్యాదగానే చెప్తారు. మా దగ్గర ఒక పెద్దాయన ఉండేవారు, ఆయన ఉద్యోగమే ఇది: సోమవారం కలెక్టరేట్లో అర్జీ ఇవ్వడం, సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి ప్రశ్న పెట్టడం, 30 రోజులు దాటినా జవాబు రాకపోతే అప్పీలుకి వెళ్ళడం. ఏ ఫైలు ఏ అల్మరాలో ఉందో ఆ ఆఫీసుల వాళ్ళకంటే ఆయనకే బాగా తెలుసు. ఆయన జ్వరంతో పడుకున్న వారం మా సంస్థ పని సగం ఆగిపోయేది.

తర్వాత నీళ్ళ శాంపిళ్ళు, అంటే నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో చూడటం. నువ్వు చదివిందే, కాకపోతే ల్యాబులో చేసిన దానికీ గట్టు మీద వంగుని చేసేదానికీ తేడా ఉంటుంది. 300 మిల్లీలీటర్ల గాజు సీసా నీళ్ళలో ముంచి నింపి, ఒక్క గాలి బుడగ కూడా మిగలకుండా మూత పెట్టాలి. మాంగనీస్ సల్ఫేట్, ఆల్కలీ అయొడైడ్ అక్కడికక్కడే పిపెట్‌తో వేసి, మళ్ళీ మూత పెట్టి తలకిందులు చేసి తిప్పాలి. నీళ్ళలో ఆక్సిజన్ ఉంటే గోధుమ రంగు మడ్డి దిగుతుంది, లేకపోతే తెల్లగా ఉండిపోతుంది. ఒక డ్రైను కలిసేచోట మొదటిసారి తెల్ల మడ్డి చూసినప్పుడు రసాయనం పాడైపోయిందనుకుని ఇంకో సీసా నింపాం, అదీ తెల్లగానే వచ్చింది. పొద్దున్నే లేస్తావా అని నిన్ను ఊరికే అడగలేదు. మధ్యాహ్నం ఎండలో నాచు ఆక్సిజన్ వదులుతుంది కాబట్టి రీడింగ్ బ్రహ్మాండంగా వస్తుంది, అసలు బండారం బయటపడేది తెల్లవారుజామునే. ప్రతిసారీ అదే చోట, అదే వేళకి తీస్తేనే ఆ అంకెకి విలువ. స్నానానికి పనికొచ్చే నీళ్ళంటే లీటరుకి కనీసం 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలి, బీఓడీ, అంటే నీళ్ళలోని మురుగుని కుళ్ళబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్, 3 దాటకూడదు. ఎవరైనా అధికారి ముందు కూర్చున్నప్పుడు నదిని కాపాడండి అంటే టీ ఇచ్చి పంపిస్తారు, ఫలానా ఘాటు దగ్గర ఏడాదిలో ఇన్ని నెలలు బీఓడీ 3 దాటింది అని కాగితం పెడితే పక్క గదిలోంచి ఇంజనీరుని పిలుస్తారు.

చివరిది, ఇది జాగ్రత్తగా చదువు. మాకు పడవ నడిపే బాబాయ్ ఒకాయన ఉండేవాడు, చిన్నప్పటి నుంచి కృష్ణలో వల వేసినవాడు. రాత్రి ఏ డ్రైను వదిలారో పొద్దున వాసన చూసి చెప్పేవాడు, శాంపిల్ ఎక్కడ తీయాలో నిజానికి ఆయనే చూపించేవాడు, మేం సీసా పట్టుకునేవాళ్ళం. కానీ జీతాల పట్టికలో ఆయన పేరు ఉండేది కాదు. ఖర్చుల కింద "పడవ అద్దె" అని రాసేవాళ్ళు. నేను అక్కడ మానేయడానికి ఉన్న కారణాల్లో అదొకటి. నువ్వు చేరేచోట అలాంటివాళ్ళని ఏ పద్దు కింద రాస్తున్నారో కనుక్కో, ఆ సంస్థ ఎలాంటిదో తెలిసిపోతుంది.

వన్‌టౌన్ బాబాయ్:

అంత సీన్ లేదమ్మా. నేను పుట్టినప్పటి నుంచీ కాలవ పక్కనే ఉన్నా. ఏటా గుర్రపుడెక్క తీస్తారు, గట్టు మీద పోస్తారు, వానకి సగం మళ్ళీ లోపలికే జారుతుంది, మళ్ళీ వచ్చే ఏడు అదే గుర్రపుడెక్కకి ఇంకో ఫండు. సంస్థలు మారుతున్నాయి, టీషర్టు రంగు మారుతోంది, కాలవ మాత్రం అట్లాగే ఉంది. ఫార్మాకి పో.

రైవస్ గట్టు:

బాబాయ్, గుర్రపుడెక్క విషయంలో మీతో గొడవ లేదు. డ్రైన్ల మురుగే దానికి ఎరువు, మురుగు ఆపకుండా ఎన్నిసార్లు పీకినా వస్తుంది, పైగా విత్తనాలు అడుగు బురదలో ఏళ్ళ తరబడి బతికే ఉంటాయి. అందుకే పీకేవాళ్ళకంటే ఏ డ్రైను ఎక్కడ కలుస్తోందో రాసిపెట్టుకునేవాళ్ళు ముఖ్యం అంటున్నా. అమ్మాయిని అడిగింది కూడా అర్జీ రాస్తావా అని కదా, పీకుతావా అని కాదుగా.

సింగ్‌నగర్ వాసి:

బాబాయ్ గారూ, 2024 సెప్టెంబరు దాకా నేనూ మీలాగే మాట్లాడేవాణ్ణి. బుడమేరు వాగు మా వీధిలోకి వచ్చిన రోజు గుర్తుందిగా. మామూలుగా వెలగలేరు దగ్గర మళ్ళించి కృష్ణలో కలిపేస్తారు, మిగిలింది కొల్లేరుకి పోతుంది. ఆ వారం గండ్లు పడ్డాయి, అటు కృష్ణ కూడా బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులతో నిండి ఉంది, 2009 వరద రికార్డు దాటేసింది. మేం మేడ మీద, కింద పీకల్లోతు నీళ్ళు. ఒక చిన్న సంస్థలో పనిచేసే ఇద్దరు కుర్రాళ్ళు పడవ వాళ్ళకి దారి చూపిస్తూ వచ్చారు, ఏ సందు పల్లం, ఎక్కడ కల్వర్టు ఉంది, ఎక్కడ కరెంటు తీగలు చేతికి తగులుతాయి, అన్నీ వాళ్ళ నోటికొచ్చు. వేసవిలో డ్రైన్లు కొలుస్తూ తిరిగారట, అప్పుడు వీళ్ళకి ఏం పనీ లేదు అని మేమే నవ్వుకున్నాం.

నాకు ఇంకా నచ్చింది తర్వాత జరిగింది. నీళ్ళు తీసేశాక అందరూ బియ్యం, దుప్పట్లు పంచుతుంటే వాళ్ళు కూడా పంచారు, పంచుతూనే ప్రతి ఇంటి గోడ మీదా బురద గీత ఎంత ఎత్తులో ఉందో టేపు పెట్టి కొలిచి నోట్‌బుక్‌లో రాసుకున్నారు. మా ఆవిడ "మా సామాను పోయి మేం ఏడుస్తుంటే గోడలు కొలుస్తారేంటి" అని కోప్పడింది కూడా. దసరాకి మేం సున్నం వేయించాం, గీత పోయింది. ఇప్పుడు మా వీధిలో ఎంత నీరు వచ్చిందని ఎవరైనా అడిగితే ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు, ఆ నోట్‌బుక్‌లో మాత్రం అంగుళాలతో సహా ఉంది.

కానూరు అమ్మాయి:

థాంక్సండీ అందరికీ, ఇంత రాస్తారనుకోలేదు. ఇంకో రెండు డౌట్లు. తెల్లవారుజామున ఘాట్ల దగ్గర ఆడపిల్ల పని చేయడం ఎలా ఉంటుంది? ఇంకోటి, డబ్బు సంగతి ఎవరూ చెప్పలేదు, జీతం నెలనెలా వస్తుందా?

గట్టు మీద అక్క:

నేను ప్రస్తుతం ఈ పనిలోనే ఉన్నాను, నీది ఏ సంస్థో అడగను. ఒంటరిగా మాత్రం ఎప్పుడూ వెళ్ళకు, ఇద్దరు తప్పనిసరి అన్న రూలు లేకపోతే చేరేరోజే పెట్టించు. గేట్లు ఎత్తారని మెసేజ్ వస్తే శాంపిల్ లేదు, ఏమీ లేదు, గట్టెక్కేయడమే. బాత్రూమ్ సమస్య నిజం, ఏ రూట్లో ఏ గుడి, ఏ బంకు తెరిచి ఉంటుందో నేర్చుకుంటావు, తప్పదు.

కానీ ఆడవాళ్ళం ఉండటం వల్ల అయ్యే పనులు కొన్ని ఉన్నాయి. ఏప్రిల్ దగ్గర కాలవల్లో నీళ్ళు ఆపేస్తారు కదా, అప్పుడొచ్చి అడుగు చూడు. పాత పరుపులు, దిష్టి గుమ్మడికాయలు, వాటన్నిటికంటే ఎక్కువగా దేవుడి పటాలు. అద్దం పగిలిన పటాన్ని చెత్తబుట్టలో వేయడానికి ఎవరికీ మనసొప్పదు, కాలవలో వేస్తే పుణ్యమే అనుకుంటారు, వంతెన మీద కంచె కడితే పైనుంచి విసురుతారు. దీని మీద మావాళ్ళు ఉపన్యాసాలు ఇచ్చారు, ఫ్లెక్సీలు పెట్టారు, ఏం లాభం లేకపోయింది. ఆఖరికి మా ఆఫీసులో వంట, శుభ్రం చూసే పిన్ని ఒకావిడ శుక్రవారం సాయంత్రం వంతెన దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని "పటం నాకివ్వమ్మా, నేను సాగనంపుతా" అని పసుపు బొట్టు పెట్టి మరీ తీసుకోవడం మొదలెట్టింది. ఆఫీసుకి తెచ్చి చెక్క వేరు, గాజు వేరు, రేకు వేరు చేస్తాం, బొమ్మ కాగితం నానబెట్టి మొక్కల మట్టిలో కలుపుతాం. ఆ వంతెన దగ్గర ఇప్పుడు పటాలు బాగా తగ్గాయి. పిన్నికి ఈ మధ్యే హోదా మార్చి జీతం పెంచారు, దానికి మాలో మేమే కాస్త గట్టిగా మాట్లాడాల్సొచ్చింది.

గుంటూరు ఆడిట్:

డబ్బు సంగతి నేను చెప్తా, ట్రస్టులు, సొసైటీల లెక్కలు చూడటమే నా పని. చిన్న సంస్థల్లో జీతం వచ్చేది ఎక్కువగా కంపెనీల సీఎస్ఆర్ డబ్బుతో, అంటే కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే డబ్బు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం ఇలాంటి వాటికి ఖర్చు పెట్టాలి. సమస్య ఏంటంటే ఆ డబ్బు ప్రాజెక్టుకి వస్తుంది, మనిషికి కాదు. మార్చితో ప్రాజెక్టు అయిపోతే కొత్తది ఖాయమయ్యేదాకా రెండు మూడు నెలలు అందరూ టెన్షన్‌లో ఉంటారు, అప్పుడే మంచివాళ్ళు వెళ్ళిపోతారు. డబ్బిచ్చేవాళ్ళు చెత్తడబ్బాకి ఇస్తారు, మొక్కకి ఇస్తారు, అర్జీలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే పెద్దాయన జీతానికి ఇమ్మంటే మొహం చిట్లిస్తారు.

కాబట్టి వెళ్ళి ఇవి అడుగు, ఏమీ అనుకోరు, అనుకుంటే అదే నీకు జవాబు. 12ఏ, 80జీ అని పిలిచే ఆదాయపు పన్ను నమోదులు ఉన్నాయా, సీఎస్ఆర్ డబ్బు తీసుకోవడానికి కావాల్సిన సీఎస్ఆర్-1 నమోదు అయిందా, పోయిన ఏడాది ఆడిట్ రిపోర్టు చూపిస్తారా. నీ పోస్టు ఏ ప్రాజెక్టులో ఉంది, అది ఎప్పుడు ముగుస్తుంది. పోయిన ఏప్రిల్, మే జీతాలు ఎప్పుడు పడ్డాయో మేనేజరుని కాదు, అకౌంట్స్ చూసే ఆవిడని అడుగు. ఇరవైమంది కంటే తక్కువ ఉంటే పీఎఫ్ తప్పనిసరి కాదు, పెట్టకపోయినా మోసం చేస్తున్నట్టు కాదు, కానీ ఇన్సూరెన్స్ లేకుండా మాత్రం పడవ ఎక్కొద్దు. 2028లో మళ్ళీ కృష్ణా పుష్కరాలు, ఈలోగా నది పేరు మీద ఫండ్స్ బాగానే రావొచ్చు, సంస్థలు కూడా పుట్టుకొస్తాయి. అందుకని నీ కాంట్రాక్టు పుష్కరాల దాకానా, తర్వాత కూడానా అన్నది కాగితం మీద రాయించుకో. అపాయింట్‌మెంట్ లెటర్ చేతికొచ్చేదాకా ఫార్మావాళ్ళకి వద్దని చెప్పకు.