జర్మనీలో మొదటి నెలలు: జర్మన్ల ఇంట్లోనా, మనోళ్ల రూంలోనా?

పరకాల_అన్న: తమ్ముడికి మాగ్డెబర్గ్‌లో మాస్టర్స్ సీటు వచ్చింది. చదువు ఇంగ్లిష్‌లోనే. అక్టోబర్‌లో క్లాసులు. అంతకుముందు ఆగస్టు నుంచి అక్కడే జర్మన్ కోర్సు చేస్తానంటున్నాడు, జర్మన్ పరీక్షల్లో మొదటి మెట్టు ఏ1 హైదరాబాద్‌లో పాసయ్యాడు. ఆ భాషా స్కూలు వాళ్లే ఒక పెద్దావిడ ఇంట్లో హోమ్‌స్టే చూపిస్తారట. బాపు మాత్రం మనోళ్ల రూంలో చేరితే సగం ఖర్చు అంటున్నాడు. అక్కడున్నవాళ్లు చెప్పండి.

కాజీపేట_జంక్షన్: కళ్లు మూసుకుని హోమ్‌స్టే. మనోళ్ల రూంలో దిగితే పొద్దున క్లాసులో నేర్చుకున్న జర్మన్ సాయంత్రం మెట్లెక్కేలోపే మాయం. ఇంటావిడతో చెత్త ఏ డబ్బాలో వేయాలని గొడవపడ్డా నాలుగు ముక్కలు నోటికొస్తాయి. ఇంకోటి, ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు అడ్రస్ రిజిస్టర్ చేయించుకోవాలి. దానికి ఇల్లు ఇచ్చినవాళ్లు సంతకం పెట్టిన కాగితం కావాలి. ఇద్దరుండే రూంలో నాలుగోవాడిగా దూరితే ఆ కాగితం ఎవరిస్తారు?

హన్మకొండ_చౌరస్తా: అన్నా, నేను హోమ్‌స్టేలో ఉండి చెప్తున్నా. ఒకసారి పప్పుకు పోపు వేస్తే పొగ అలారం మోగింది. ఆవిడ ఒక్క మాట అనలేదు, జనవరి చలిలో కిటికీలన్నీ బార్లా తెరిచింది. మర్నాడు ఫ్రిజ్ మీద చీటీ: సాయంత్రం ఏడు తర్వాత వంట వద్దు, రాత్రి పది తర్వాత స్నానం వద్దు. అమ్మ పంపిన మామిడికాయ తొక్కు సీసా బాల్కనీలో పెట్టుకోమంది. పైసలిచ్చి బిక్కుబిక్కుమంటూ ఉండాలా?

కాజీపేట_జంక్షన్: కిటికీలు నీ పోపు కోసమే తెరవరు. చలికాలంలోనూ రోజూ తెరుస్తారు, లేకపోతే గోడలకు బూజు పడుతుంది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా చప్పుడు వద్దనేది మనోళ్ల రూంలో ఉన్నా తప్పదు.

హన్మకొండ_చౌరస్తా: మరి తొక్కు? దానికేం చప్పుడుంది?

నర్సంపేట_మిర్చి: తొక్కు దగ్గరే ఆగిపోయారు ఇద్దరూ 😂

మానుకోట_అక్క: ఖర్చు లెక్క చూడు తమ్మీ. వీసా కోసం ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలనెలా కొంతే తీసుకోనిచ్చే ఖాతాలో, వేసేది ఏడాదికి 11,904 యూరోలు, నెలకు చేతికొచ్చేది 992. ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేదని విని మనోళ్లు ఖర్చే లేదనుకుంటారు. హోమ్‌స్టే, ఇన్సూరెన్స్, భాషా కోర్సు, అన్నీ ఆ 992లోంచే పోవాలంటే కష్టం. కోర్సు ఫీజు వేరుగా పెట్టుకోండి.

జమ్మికుంట_కుర్రోడు: ఇంగ్లిష్ చదువుకు జర్మన్ ఎందుకసలు? దండగ.

కాజీపేట_జంక్షన్: చదువు అయ్యాక ఉద్యోగానికి పోయినప్పుడు తెలుస్తుంది ఎందుకో. మూడో మెట్టు బి1 కూడా లేకుండా తిరుగుతున్నవాళ్లను రోజూ చూస్తున్నా. అందరూ మన రూముల్లో ఉన్నవాళ్లే.

హన్మకొండ_చౌరస్తా: అన్నా, నిజం చెప్పండి. మీ బాధ భాష గురించి కాదు, మనోళ్లు వచ్చి మీ ఇంట్లో దిగుతారని. పోయినేడాది గ్రూపులో ఒక పిల్లగాడు వారం ఉండనివ్వమని అడిగితే మీరు చూసి కూడా జవాబివ్వలేదు. వాడు మా బావమరిది.

కాజీపేట_జంక్షన్: అవును, ఇవ్వలేదు. ఇకముందు కూడా ఇవ్వను. అంతకుముందు ఒకడు ఊరి పేరు చెప్పి వారమే అని వచ్చి చలికాలం దాటినా కదల్లేదు. అగ్రిమెంట్‌లో మేమిద్దరమే ఉన్నాం, ఓనరు నోటీసు వచ్చింది నా పేరు మీద. ఇక్కడ హీటింగ్ బిల్లు ఏడాది లెక్క తేల్చి తర్వాత పంపుతారు. అది వచ్చేసరికి వాడు ఇంకో ఊరికి పోయాడు. ఫోన్ చేస్తే "అన్నా, నువ్వు సంపాయిస్తున్నవ్ గదా" అన్నాడు. వాళ్ల నాన్న మా నాన్నకు ఎదురుపడితే మీవోడు మావోణ్ని వెళ్లగొట్టిండని నలుగురిలో అన్నాడు. ఆ మాట మా నాన్న ఎందుకు పడాలి?

హన్మకొండ_చౌరస్తా: ఒకడు ఎగ్గొడితే జిల్లా మొత్తం ఎగ్గొట్టినట్టా? ఆ చీటీల ఇంట్లోంచి నేను బయటికొస్తే హుజూరాబాద్ అన్న ఒకాయన హాల్లో పరుపేసి ఉండమన్నాడు. మీలా లెక్క చూసుంటే నేను స్టేషన్‌లో పడుకోవాల్సిందే.

కాజీపేట_జంక్షన్: ఆయన కరెంటు బిల్లులో నీ వంతు ఇచ్చావా?

హన్మకొండ_చౌరస్తా: అది మీకెందుకు?

నిర్వాహకుడు: వ్యక్తిగతానికి పోకండి. ఇంకోసారైతే తాళం వేస్తా.

మానుకోట_అక్క: పరకాల తమ్మీ, ఒక్కటి చెప్పు. ఆ రూంలో ఉండే పిల్లల్ని బాపు అడిగాడా, వాళ్ల నాన్నల్ని అడిగాడా?

పరకాల_అన్న: ఒకబ్బాయి నాన్నను, అక్కా. పెండ్లిలో కలిస్తే మాటిచ్చాడట.

కాజీపేట_జంక్షన్: చూశారా? పరుపు వేయాల్సినోడికి ఇంకా తెలియనే తెలియదు.

హన్మకొండ_చౌరస్తా: తండ్రి మాటిస్తే కొడుకు కాదంటాడా?

కాజీపేట_జంక్షన్: కాదనలేడు. నేనూ అనలేకపోయాను.

పరకాల_అన్న: ఆ అబ్బాయి నంబర్ సంపాదించి, ఓనరు కాగితం ఇస్తాడా అని మెసేజ్ పెట్టాను. చూశాడు, జవాబు లేదు.

మానుకోట_అక్క: అదే జవాబు. హోమ్‌స్టే వాళ్లను కూడా ఆ కాగితం గురించి ముందే అడుగు, కోర్సు అయ్యాక ఎన్నాళ్లు ఉండనిస్తారో కూడా.

హన్మకొండ_చౌరస్తా: అక్టోబర్‌లో ఆవిడ ఖాళీ చేయమంటే ఎక్కడికి పోతాడక్కా? మళ్లీ మనోళ్ల దగ్గరికే కదా.

కాజీపేట_జంక్షన్: స్టూడెంట్ హాస్టల్‌కు ఇవాళే అప్లికేషన్ పెడితే పోనక్కర్లేదు.