మూడో తరగతికి ‘లిటిల్ హౌస్ ఆన్ ద ప్రెయిరీ’: క్లాసులో చదివించాలా, వద్దా?

టెక్సాస్_అమ్మ:
మా పాప మూడో తరగతి. సోషల్ స్టడీస్‌లో ‘పయనీర్ కుటుంబ జీవితం’ (కొత్త నేలలకి వలస వెళ్ళి ఇల్లు కట్టుకున్నవాళ్ళ జీవితం) అని ఒక యూనిట్ మొదలవుతోంది. దానికోసం క్లాసంతా కలిసి లారా ఇంగల్స్ వైల్డర్ రాసిన ‘లిటిల్ హౌస్ ఆన్ ద ప్రెయిరీ’ చదువుతారట. టీచర్ రోజుకో అధ్యాయం చదివి వినిపిస్తారు, పిల్లలు వెన్న తీస్తారు, చివర్లో అట్టముక్కలతో దుంగల ఇల్లు కడతారు. మా తెలుగు పేరెంట్స్ వాట్సాప్ గ్రూపు అప్పుడే రెండుగా చీలిపోయింది. క్లాసిక్ కదా, హాయిగా చదవనివ్వండి అని కొందరు. నేటివ్ అమెరికన్ల మీద అందులో ఉన్న మాటలు ఎనిమిదేళ్ళ పిల్లల చెవిన పడకూడదు, టీచర్‌కి మెయిల్ పెడదాం అని కొందరు. మీరైతే ఏం చేస్తారు? పుస్తకం చదివినవాళ్ళు చెప్పండి. దాని టీవీ సీరియల్ చూసినవాళ్ళు కాదు.

పుస్తకాలపురుగు:
నిస్సందేహంగా చదవనివ్వాలి. ఇప్పటి పిల్లల పుస్తకాల్లో ఎవరూ చేతులతో పని చేస్తూ కనబడరు. ఇందులో పేజీ పేజీకీ పనే. లారా నాన్న దుంగలతో ఇంటి గోడ లేపుతుంటే అమ్మ రెండో కొస పడుతుంది, దుంగ జారి ఆమె చీలమండ బెణుకుతుంది. పొరుగు ఎడ్వర్డ్స్ దగ్గర మేకులు అప్పు తెచ్చుకుంటారు. తలుపుకి మేకులే లేకపోతే చెక్క చీలలతో బిగించేస్తాడు. బావి తవ్వే అధ్యాయం ఉంది చూడండి, రోజూ దిగేముందు వెలిగించిన కొవ్వొత్తిని కిందికి దించి చూడాలి. అదంతా చాదస్తం అనుకున్న ఇంకో పొరుగాయన స్కాట్ ఒకరోజు చూడకుండానే దిగి స్పృహ తప్పుతాడు. బరువైన గాలి అడుగున ఎలా చేరుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం ఏ సైన్స్ పుస్తకంలో ఉంది?

చలిజ్వరం (మలేరియా) అధ్యాయం ఇంకా బాగుంటుంది. ఇంటిల్లిపాదీ మంచం పడితే డాక్టర్ టాన్ అనే నల్లజాతి వైద్యుడు వచ్చి చేదు పొడి మింగించి బతికిస్తాడు. కల్పితం కాదు, జార్జ్ టాన్ అని నిజంగా ఉన్న మనిషే. పుచ్చకాయలు తినబట్టే జ్వరం వచ్చిందని స్కాట్ భార్య గట్టిగా వాదిస్తుంది. అసలు దొంగ దోమేనని 1897లో రొనాల్డ్ రాస్ పట్టుకున్నది మన సికింద్రాబాద్‌లో. ఈ ముక్క పాపకి చెప్పి పంపండి, క్లాసులో గొప్పగా చెప్పుకుంటుంది.

చరిత్రపిచ్చి:
పురుగు గారూ, పని బాగుంది. ఆ ఇల్లు ఎవరి నేల మీద లేచింది? కాన్సాస్‌లో ఓసేజ్ అనే నేటివ్ అమెరికన్ తెగ వాళ్ళ రిజర్వ్ మీద, అంటే వాళ్ళకి కేటాయించిన నేల మీద. 1869లో ఇంగల్స్ కుటుంబం అక్కడ బండి దిగేనాటికి ఆ భూమిని సెటిలర్లకి, అంటే వలస వచ్చి స్థిరపడేవాళ్ళకి, తెరవలేదు. ‘160 ఎకరాలు, ఐదేళ్ళు సాగు చేసుకుంటే నీదే’ అన్న 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం అక్కడ వర్తించదు. 1870 జనాభా లెక్కల్లో లారా నాన్న చార్ల్స్ ఇంగల్స్ పేరుకెదురుగా భూమి విలువ రాయాల్సిన గడి ఖాళీగా ఉంటుంది, ఆ భూమి ఆయనది కాదు గనక. అదే ఏడాది జులైలో కాంగ్రెస్ చట్టం చేసి ఓసేజ్‌లను ఇండియన్ టెరిటరీకి, అంటే ఇప్పటి ఓక్లహోమాకి, తరలించే ఏర్పాటు చేసింది. వాళ్ళు వదిలిన నేల ఎకరం డాలరుంపావు చొప్పున సెటిలర్లకి అమ్మకానికి వచ్చింది.

పుస్తకంలో మాత్రం సైనికులు వచ్చి మనల్ని గెంటేస్తారని నాన్న మండిపడి బండి కట్టేస్తాడు. నిజానికి వాళ్ళు 1871లో విస్కాన్సిన్‌కి తిరిగి వెళ్ళిపోయారు, ఎందుకంటే అక్కడి తమ పాత ఇల్లు కొన్నవాడు డబ్బు చెల్లించలేకపోయాడు. పిల్ల పుస్తకం మూసేసరికి ఎవరిమీద జాలిపడుతుంది? ఇంగల్స్ వాళ్ళ మీద.

ఇంకొకటి. లారా పుట్టింది 1867 ఫిబ్రవరిలో. కాన్సాస్‌లో ఉన్నప్పుడు ఆమెకి నాలుగైనా పూర్తిగా నిండి ఉంటాయో లేదో. పుస్తకం వచ్చింది 1935లో. నవలగా ఎంత బాగున్నా, సోషల్ స్టడీస్ యూనిట్‌కి ఆధారంగా పెడితే పిల్లలు దాన్ని జరిగినదంతా రాసిన దస్తావేజు అనుకుంటారు.

పుస్తకాలపురుగు:
అది మూడో తరగతి పిల్లకి అక్కర్లేని సంగతి. ఇక ‘చచ్చిన ఇండియనే మంచి ఇండియన్’ అన్న మాట మీదే కదా గొడవంతా? అది అనేది స్కాట్ వాళ్ళు. నాన్న ఒప్పుకోడు. రచయిత్రి ఒప్పుకోలేదని అర్థం కావడానికి ఇంకేం కావాలి?

మిన్నెసోటా_మంచు:
‘పాత్ర అంది, రచయిత్రి అనలేదు’ అన్న తేడా మనకి తెలుస్తుందండీ. క్లాసులో బిగ్గరగా చదివినప్పుడు పిల్లలకి వినపడేది వాళ్ళ టీచర్ గొంతు. 1998లో మా రాష్ట్రంలోనే, యెల్లో మెడిసిన్ ఈస్ట్ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో, డకోటా అనే నేటివ్ అమెరికన్ తెగకి చెందిన ఒక ఎనిమిదేళ్ళ పాప సరిగ్గా ఆ వాక్యం విని ఏడుస్తూ ఇంటికి వచ్చింది. తల్లి అడిగితే స్కూల్ బోర్డు మొదట క్లాసులో ఆ పుస్తకం చదివించడం ఆపింది. పౌరహక్కుల సంఘం కోర్టుకెళ్తామనేసరికి వెనక్కి తగ్గింది.

డకోటాలకీ అమెరికా సైన్యానికీ జరిగిన యుద్ధం తర్వాత, 1862 డిసెంబర్ 26న మా రాష్ట్రంలోని మన్‌కాటోలో 38 మంది డకోటా మగవాళ్ళను ఒకే వేదిక మీద ఉరి తీశారు. ఆ యుద్ధాన్ని ఈ నవలలో స్కాట్ భార్య ‘మిన్నెసోటా మారణకాండ’ అని తలుచుకుని వణుకుతుంది. ఉరి మాట ఎక్కడా రాదు. ఆ పాప ఎందుకు ఏడ్చిందో అడగాల్సిన పని లేదు.

కోడ్_రైతు:
నాకు ఈ ధోరణే నచ్చదు. మొదట 1953లో మొదటి అధ్యాయంలో ఒక వాక్యం మార్చారు. ‘అక్కడ మనుషులు లేరు, ఇండియన్లే ఉన్నారు’ అన్నట్టుండేది, నిజమే, ఘోరంగానే ఉండేది. 2018లో లారా పేరున్న పిల్లల సాహిత్య అవార్డుకి ఆ పేరు పీకేశారు. రేపు పుస్తకమే ఉండదు. ఆ కుటుంబం నుంచి మా పిల్లలు నేర్చుకోవాల్సింది ఒకటుంది: ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా, ప్రభుత్వం మీద ఆధారపడకుండా బతకడం.

చరిత్రపిచ్చి:
రైతన్నా, అవార్డు పేరు మార్చిన లైబ్రరీ సంఘమే, పుస్తకాలు చదవొద్దని మేం అనట్లేదని అప్పుడే చెప్పింది. అమెరికాలో ఏ లైబ్రరీకి వెళ్ళినా దొరుకుతుంది.

ఇక ప్రభుత్వం సంగతి. కాన్సాస్ వదిలాక కొన్నేళ్ళకి, డకోటా టెరిటరీ అనే ప్రాంతంలో, హోమ్‌స్టెడ్ చట్టం కింద వాళ్ళకి భూమి ఇచ్చింది ఎవరు? చూపు పోయిన అక్క మేరీ అయోవాలోని అంధుల కాలేజీలో చదివితే ఫీజు కట్టింది డకోటా టెరిటరీ ప్రభుత్వం. 1880-81 చలికాలంలో మంచుకి రైళ్ళు ఆగిపోయినప్పుడు ఊరంతా గడ్డిని మెలిపెట్టి కట్టెలుగా కాల్చుకుని, గోధుమలు కాఫీ మరలో విసురుకుని తిన్నారు. అది ‘ద లాంగ్ వింటర్’లో ఆవిడే రాసింది. రైలు రాకపోతే పయనీర్ ఊరు ఎన్నాళ్ళు నిలబడుతుందో దాంట్లోనే ఉంది. లారాకి ఒక తమ్ముడు ఉండేవాడు, ఫ్రెడ్డీ. 1876లో తొమ్మిది నెలలకే పోయాడు. ఆవిడ బతికుండగా వచ్చిన ఎనిమిది పుస్తకాల్లో వాడి ఊసే లేదు.

ఒహాయో_టీచరమ్మ:
నేను నాలుగో తరగతికి చెప్తాను, ఈ యూనిట్ నాకూ ఉంది. నేను ప్రెయిరీ పుస్తకం ముట్టను. మొదటి పుస్తకం ‘లిటిల్ హౌస్ ఇన్ ద బిగ్ వుడ్స్’ (1932) తీసుకుంటాను. కుటుంబ జీవితం కావాలంటే అసలు సరుకు అందులోనే ఉంది. తొలిచిన మాను బోదెలో జింక మాంసం వేలాడదీసి పచ్చి హికరీ చెక్కల పొగ పెట్టడం, పంది కోసిన రోజు దాని మూత్రాశయాన్ని ఊది పిల్లలు బంతిలా ఆడుకోవడం (మా క్లాసులో ఈ పేజీకి ఎప్పుడూ ఒకటే గోల), చలికాలంలో వెన్న తెల్లబోతే క్యారట్ తురిమి రంగు తేవడం, సోమవారం ఉతుకుడు, మంగళవారం ఇస్త్రీ అని వారమంతా పనికి కట్టేసి ఉండటం.

దానికి జోడీగా లూయిస్ ఎర్డ్రిక్ ‘ద బర్చ్‌బార్క్ హౌస్’ (1999) చదివిస్తాను. ఆవిడ ఒజిబ్వే అనే నేటివ్ అమెరికన్ తెగ రచయిత్రి. కథ 1847లో, సుపీరియర్ సరస్సులో ఒక దీవి మీద, ఒక ఒజిబ్వే చిన్నపిల్లది. రెండు పుస్తకాల్లోనూ మేపుల్ చెట్టు నుంచి పాలు పట్టి చక్కెర కాచే ఘట్టం ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చదివాక, లారా వాళ్ళ తాతకి ఆ పని ఎక్కడిది అని పిల్లలే అడుగుతారు. తెల్లవాళ్ళు అడుగుపెట్టక ముందునుంచీ ఆ చక్కెర కాచింది అక్కడి జనం. నేను భూమి చట్టాల ఉపన్యాసం ఇవ్వక్కర్లేకుండా మాట అటు తిరుగుతుంది.

చరిత్రపిచ్చి:
టీచరమ్మా, జోడీ బ్రహ్మాండం. కానీ బిగ్ వుడ్స్ సేఫ్ అన్నది నేను ఒప్పుకోను. ఆ అడవిలోనూ ఇళ్ళు లేవు, మనుషులు లేరు, చెట్లూ జంతువులే అని మొదలవుతుంది అది. అక్కడ గొడవ కనబడనిది ఎందుకు? అక్కడి నేటివ్ అమెరికన్లని వెళ్ళగొట్టడం కథకి ముందే అయిపోయింది గనక. ప్రెయిరీలో కనీసం ఓసేజ్‌లు ఇంటిముందు నుంచి వరసగా గుర్రాల మీద వెళ్ళిపోతారు, పొద్దు తిరిగేదాకా ఆ వరస తెగదు, ఆ తర్వాత ఇంట్లో ఎవరికీ తిండి సయించదు.  ఆ అధ్యాయం నాకు మొత్తం సిరీస్‌లోకెల్లా నిజాయితీగా అనిపిస్తుంది. అందుకే నేను దాన్ని క్లాసులోంచి తీసేయమనను. మూడో తరగతిలో వెన్న చిలికే రోజుకి తోడుగా వద్దు, ఆరో తరగతిలో ఓసేజ్‌ల చరిత్ర పక్కన పెట్టుకుని చదివించమంటాను.

కోడ్_రైతు:
ఆరో తరగతికి వచ్చేసరికి పిల్లలు ఫోన్లోంచి తలెత్తరు, ఇక దాన్నెవడు చదువుతాడు?

టెక్సాస్_అమ్మ:
టీచర్‌కి మెయిల్ రాశాను. పుస్తకం ఆపమని అడగలేదు. స్కాట్ వాళ్ళ మాటలున్న అధ్యాయాలు బిగ్గరగా చదవకుండా వదిలేయగలరా, ‘బర్చ్‌బార్క్ హౌస్’లో చక్కెర ఘట్టం ఒకరోజు కలపగలరా, కాన్సాస్ మ్యాపు మీద ఓసేజ్ రిజర్వ్ గీసి చూపించగలరా అని అడిగాను. మ్యాపుకి వెంటనే ఓకే అన్నారు. మిగతా రెండూ చూస్తామన్నారు.

పుస్తకాలపురుగు:
మ్యాపు మంచిదే. అధ్యాయాలు దాటేయడం మాత్రం నాకు నచ్చలేదు. ఏ అధ్యాయం వదిలారో ఇంటికెళ్ళి వెతుక్కుని చదివే పిల్లలు ప్రతి క్లాసులో ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్ళు ఆ మాటని టీచర్ పక్కన లేనప్పుడు, ఒంటరిగా చదువుతారు.