మార్కెటింగ్ ఎస్‌డీకే పెట్టాక ఆర్డర్ నోటిఫికేషన్లు రావట్లేదు

ప్రశ్న:
మాది కిరాణా డెలివరీ యాప్, ఆండ్రాయిడ్‌లో కోట్లిన్ భాషలో రాశాం. ఆర్డర్ కబుర్లు మా సర్వర్ నుంచి ఫైర్‌బేస్ మెసేజింగ్ (ఫోన్లకు మెసేజ్‌లు చేర్చే గూగుల్ సేవ)లో డేటా మెసేజ్‌లుగా, అంటే మా యాప్ కోడే అందుకుని చూపించేలా పంపుతాం, బాగానే నడిచేది. ఆఫర్లు పంపడానికి, యూజర్లు ఎక్కడ ఆగిపోతున్నారో చూడ్డానికి ఒక మార్కెటింగ్ ఎస్‌డీకే (బయటి కంపెనీ ఇచ్చే రెడీమేడ్ కోడ్) కలిపాం. అప్పట్నుంచి ఆఫర్లు వస్తున్నాయి గానీ ఆర్డర్ మెసేజ్‌లు లేవు. శుక్రవారం రిలీజ్, టెన్షన్‌గా ఉంది. ఎక్కడ చూడాలి?

జవాబు 1:
మానిఫెస్ట్‌లో (యాప్ భాగాలు నమోదయ్యే ఫైల్) రెండు మెసేజింగ్ సర్వీసులు, అంటే మెసేజ్‌లు అందుకునే భాగాలు చేరి ఉంటాయండి, మీదొకటి, ఎస్‌డీకేది ఒకటి. వచ్చిన మెసేజ్ వాటిలో ఒక్కదానికే వెళ్తుంది. ఆండ్రాయిడ్ స్టూడియోలో మెర్జ్‌డ్ మానిఫెస్ట్ (అన్నీ కలిశాక వచ్చే మానిఫెస్ట్) ట్యాబ్ తెరిస్తే కనిపిస్తుంది. ఎస్‌డీకే సర్వీసును తీసేసి, మీ సర్వీసులో మెసేజ్ రాగానే నడిచే ఆన్‌మెసేజ్‌రిసీవ్డ్ ఫంక్షన్‌లోనే వచ్చినది ఎవరిదో చూసి, ఆఫర్ అయితే ఎస్‌డీకే వాళ్ల కోడ్‌కి అప్పగించండి. టోకెన్ (ఆ ఫోన్‌లోని యాప్‌కి మెసేజ్ చేర్చే గుర్తు) మారినప్పుడు కొత్తది మీ సర్వర్‌కీ వాళ్లకీ కూడా పంపాలి, చాలామంది ఇది వదిలేస్తారు.

జవాబు 2:
పైన చెప్పింది కరెక్ట్. ఆఫర్లకీ ఆర్డర్లకీ వేర్వేరు నోటిఫికేషన్ ఛానెళ్లు (యూజర్ విడివిడిగా ఆపుకోగల రకాలు) కూడా పెట్టండి, లేకపోతే ఆఫర్లతో విసిగినవాళ్లు మొత్తం ఆపేస్తారు, అప్పుడు ఆర్డర్ కబురూ చేరదు. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లకు అనుమతి అడగాలి కదా, యాప్ తెరవగానే కాకుండా మొదటి ఆర్డర్ పెట్టాక అడగండి.

జవాబు 3:
యూజర్లు ఎక్కడ ఆగిపోతున్నారో చూడ్డానికి నమోదు చేసే ఈవెంట్ల (యాప్‌లో యూజర్ చేసే పనుల) పేర్లు ముందే రాసుకోండి. ఫైర్‌బేస్ అనలిటిక్స్ (యాప్ వాడకం లెక్కలు చూపే సేవ) వాడితే అందులో పేరు 40 అక్షరాలు దాటకూడదు. ఫోన్ నంబర్లు మాత్రం ఈవెంట్లలో పంపొద్దు దయచేసి, కస్టమర్ మనల్ని నమ్మి ఇచ్చినవి.

ప్రశ్న అడిగినవారు:
నిజంగానే రెండు సర్వీసులున్నాయి! సర్దాక ఆర్డర్ మెసేజ్‌లు వస్తున్నాయి. ఛానెళ్లు కూడా ఈ రిలీజ్‌లోనే పెడుతున్నాం, థ్యాంక్సండి.