అప్‌డేట్: పాత స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్ రేటు సంగతి తేలింది

ఇదివరకు అడిగా కదా, .38 స్పెషల్ గుళ్లు వాడే మిలిటరీ అండ్ పోలీస్ మోడల్ ఒకటుంది, అమ్మేవాడు ఒరిజినల్ ఫినిష్, కలెక్టర్ పీస్ అంటూ చెప్తున్న రేటు న్యాయమేనా అని. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్. కొనేముందు గన్‌స్మిత్‌కి, అంటే తుపాకులు బాగుచేసేవాడికి చూపించమన్న మాటే పనికొచ్చింది. ఆయన లైటు కింద ఇలా తిప్పి చూశాడో లేదో రీబ్లూ, అంటే తర్వాతెవరో మళ్లీ వేయించిన నల్ల ఫినిష్ అనేశాడు, బ్యారెల్ మీద అక్షరాలు పాలిష్‌కి అరిగి మసగ్గా ఉన్నాయి, స్క్రూ రంధ్రాల అంచులు గుంటపడ్డాయి, పైగా హ్యామర్, ట్రిగ్గర్ కూడా నల్లగా ఉన్నాయి, ఫ్యాక్టరీ నుంచి వచ్చినవైతే వాటి మీద కేస్ హార్డెనింగ్ రంగులు, అంటే ఉక్కుని గట్టిపరిచేటప్పుడు వచ్చే మచ్చల్లాంటి రంగులుండాలి.

లోపల మాత్రం భేషుగ్గా ఉందట. హ్యామర్ మెల్లగా లాగితే ఆరు చాంబర్లకీ సిలిండర్ (గుళ్లు పెట్టే గుండ్రటి భాగం) సరిగ్గా లాకవుతోంది, ముందుకీ వెనక్కీ ఊగట్లేదు, బ్యారెల్, సిలిండర్, పిడి అడుగు సీరియల్ నంబర్లు మూడూ కలిశాయి. అంటే కలెక్టర్ రేటు కాదు, షూటర్ రేటు, కాల్చుకోడానికి కొనేవాళ్లిచ్చేది. అదే చెప్తే అమ్మేవాడు కాసేపు గొణిగి దిగొచ్చాడు, లైసెన్సు కాగితాలు చూసుకుని తీసేసుకున్నా.

సిలిండర్ చుట్టూ ఉన్న గీత మీద మనం అంత చర్చించామా, దానికీ షూటర్ రేటుకీ పెద్ద సంబంధం లేదు, వాడిన రివాల్వర్‌కి పడేదే అది. మోడల్ నంబరు లేదేంటన్న డౌటూ అంతే, 1957కి ముందు కంపెనీ వాళ్లు అసలు మోడల్ నంబరు కొట్టలేదు.