డిస్కవరీని హ్యూస్టన్‌కు తరలించాలా? జంబో జెట్ వీపు మీద దాన్ని చూసినవాళ్ళ అభిప్రాయం కావాలి

చాంటిలీ చంద్రం:
2025 జులై 4న సంతకమైన అమెరికా బడ్జెట్ చట్టంలో ఒక వ్యోమనౌకను హ్యూస్టన్‌కు తరలించడానికి 8.5 కోట్ల డాలర్లు కేటాయించారు. టెక్సస్ సెనేటర్లు జాన్ కార్నిన్, టెడ్ క్రూజ్ కోరుతున్నది వర్జీనియాలో మా ఇంటికి దగ్గర్లో, స్మిత్సోనియన్ మ్యూజియం వారి ఉద్వర్-హాజీ కేంద్రంలో ఉన్న డిస్కవరీ అనే స్పేస్ షటిల్‌ను. దాన్ని కదపకూడదని నా అభిప్రాయం.

2012 ఏప్రిల్ 17 ఉదయం అది ఫ్లోరిడా నుంచి బోయింగ్ 747 వీపు మీద వచ్చినప్పుడు నేను ఆఫీసు పార్కింగ్ భవనం పైఅంతస్తులో నిలబడి ఉన్నాను. తెల్లగా మెరుస్తూ వస్తుందనుకున్న నౌక, తల మీదికి వచ్చేసరికి పొయ్యి మీద ఏళ్ళ తరబడి కాగిన గిన్నెలా చారలు కట్టి కనిపించింది. 39 సార్లు అంతరిక్షానికి వెళ్ళివచ్చిన ఒళ్ళు అది. పక్కన పిట్టలా ఒక టీ-38 విమానం ఎగురుతోంది. 1,500 అడుగుల ఎత్తులో రాజధానిని చుట్టి, అది డల్లెస్ విమానాశ్రయంలో దిగింది. మా మేనేజరు మీటింగు సంగతి మరిచిపోవడం నేను చూసింది ఆ ఒక్క రోజే. ఇక్కడ ప్రవేశ రుసుము లేదు కనుక, ఇండియా నుంచి ఎవరి అమ్మానాన్నలు వచ్చినా ముందు అక్కడికే తీసుకువెళతాము.

క్లియర్‌లేక్ కోడలు:
చంద్రం గారూ, మీరు చూసింది ఊరేగింపు. మేము చూసింది వేరు. 2012 సెప్టెంబరు 19న ఎండెవర్ అనే మరో షటిల్ అదే విమానం మీద హ్యూస్టన్ మీదుగా వచ్చి ఎల్లింగ్టన్ ఫీల్డ్‌లో దిగింది. పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల ఒక్క రాత్రి నిద్ర చేసి వెళ్ళినట్టు, మర్నాడు పొద్దున్నే కాలిఫోర్నియా దారి పట్టింది. కంచె అవతల గంటల తరబడి నిలబడ్డ జనంలో మేమూ ఉన్నాము. ఫ్లోరిడాలో రాకెట్ లాంచ్ టవర్ దాటిన క్షణం నుంచి ప్రతి ప్రయాణాన్నీ నడిపించింది హ్యూస్టన్ మిషన్ కంట్రోల్. అయినా 2011 ఏప్రిల్ 12న నాసా అధిపతి చార్లెస్ బోల్డెన్ షటిళ్ళను పంచినప్పుడు లాస్ ఏంజెలిస్, ఫ్లోరిడా, వాషింగ్టన్, న్యూయార్క్ పేర్లు చదివారు కానీ మా ఊరి పేరు చదవలేదు. మావారు షటిల్ పనిలో ఉన్న ఒక కాంట్రాక్టు సంస్థలో పదకొండేళ్ళు పనిచేశారు. ఆ జులైలో అట్లాంటిస్ దిగి షటిల్ ప్రయాణాలు ముగిసిన నెలకే ఆయన ఉద్యోగం పోయింది.

లెక్కల మాస్టారు:
చర్చ శీర్షికే తప్పు. చట్టంలో డిస్కవరీ పేరు ఎక్కడా లేదు. అంతరిక్షానికి వెళ్ళి, వ్యోమగాములను మోసిన నౌక అని మాత్రమే ఉంది. ఆ వర్ణనకు అపోలో గుళిక కూడా సరిపోతుంది.

సముద్రపుగాలి:
శిరీష బండ్ల పెరిగింది హ్యూస్టన్‌లో. ఇంకేం చర్చ?

చాంటిలీ చంద్రం:
శిరీష గారు ఎక్కిన నౌక వేరు, ఆ సంగతి ఇక్కడ అప్రస్తుతం. కోడలు గారి బాధ నాకు అర్థమవుతుంది కానీ, అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఎలా తీసుకువెళతారు? షటిళ్ళను మోయడానికి మార్చిన జంబో జెట్లు రెండే. ఒకటి కాలిఫోర్నియాలోని పామ్‌డేల్‌లో ప్రదర్శనలో ఉంది. డిస్కవరీని తెచ్చిన రెండోది మీ హ్యూస్టన్‌లోనే, స్పేస్ సెంటర్ ఆవరణలో ఉంది. 2014లో దాన్ని ముక్కలుగా విడదీసి, రోడ్డు మీద తెచ్చి, మళ్ళీ అతికించి, వీపు మీద ఒక నమూనా షటిల్‌ను కూర్చోబెట్టారు. అది ఇక ఎగరదు. రోడ్డు మార్గమంటారా? లాస్ ఏంజెలిస్‌లో ఎండెవర్‌ను విమానాశ్రయం నుంచి మ్యూజియానికి చేర్చడానికి, కేవలం 12 మైళ్ళకు, దాదాపు 400 చెట్లు కొట్టవలసి వచ్చింది. రెక్కల వెడల్పు 24 మీటర్లు మరి. డిస్కవరీని విడదీయక తప్పదని స్మిత్సోనియన్ వారే కాంగ్రెసుకు చెప్పారు. వేడి నుంచి కాపాడే వేల పలకలు ఒక్కొక్కటీ చేత్తో అతికించిన ఒంటిని రంపం పెట్టి కోస్తారా?

క్లియర్‌లేక్ కోడలు:
ఆ పలకలు ఎలా అతికిస్తారో నాకు మీరు చెప్పనవసరం లేదు. వాటి గురించి మా ఇంట్లో అన్నం దగ్గర మాట్లాడుకునేవాళ్ళము. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా షటిల్ మా టెక్సస్ ఆకాశంలోనే విడిపోయింది. కల్పనా చావ్లా మా చుట్టుపక్కలే ఉండేది. పలక విలువ తెలియాలంటే మ్యూజియంలో ఫొటో దిగితే సరిపోదు.

చాంటిలీ చంద్రం:
క్షమించండి, కటువుగానే అంటున్నాను. మీరు షటిల్‌ను అడగడం లేదు. మీవారి ఉద్యోగానికి నష్టపరిహారం అడుగుతున్నారు. దేశమంతటి సొమ్మును ఒక ఊరి అలక తీర్చడానికి ఇవ్వలేరు.

లెక్కల మాస్టారు:
మళ్ళీ చెబుతున్నాను, చట్టంలో ఆ పేరు లేదు.

నిర్వాహకుడు:
కుటుంబాల ప్రస్తావన వద్దు. విషయం మీదే ఉండండి.

క్లియర్‌లేక్ కోడలు:
నిర్వాహకుడు గారూ, ఆ ప్రస్తావన ముందు తెచ్చింది నేనే కనుక చంద్రం గారిని ఏమీ అనకండి. అలకే అనుకోండి. ఆ రోజు ఎల్లింగ్టన్‌లో మా ముందు నిలబడినవాళ్ళు పిల్లలను భుజాల మీద ఎక్కించుకుని చప్పట్లు కొడుతున్నారు. మావారు చప్పట్లు కొట్టలేదు. తోక వెనుక ఇంజన్లు కనబడకుండా తొడిగిన ఆ పెద్ద శంకువును చూస్తూ, "ముఖం కప్పేసినట్టుంది" అన్నారు. అప్పటికి ఆయన పదమూడు నెలలుగా ఖాళీగా ఉన్నారు. అదే ఆకాశం, అదే విమానం, ఒకరికి జాతర, ఒకరికి శవయాత్ర. పదమూడేళ్ళుగా నాకు కోపం తెప్పిస్తున్నది షటిల్ మీ ఊళ్ళో ఉండడం కాదు, అందరూ దాన్ని పండుగ అనడమే.

స్పేస్ సెంటర్‌లో మీరు చెప్పిన ఆ 747 లోపలికి మెట్లెక్కి వెళ్ళవచ్చు. షటిల్‌ను అమర్చే చోట, "ఆర్బిటర్‌ను (అంటే షటిల్‌ను) ఇక్కడ తగిలించండి, నలుపు వైపు కిందికి ఉండాలి" అని ఎవరో సరదాగా రాసిన మాట ఉంది. అక్కడికి వెళ్ళిన ప్రతిసారీ మావారు ఆ మాట చెప్పి ఒక్కరే నవ్వుకుంటారు. పైనున్న బొమ్మ షటిల్ వైపు మాత్రం తల ఎత్తరు. డిస్కవరీని కోసి తెస్తామంటే వద్దనేవాళ్ళలో ఆయనే మొదటివారు, నేను రెండోదాన్ని. మొత్తంగా తెచ్చే దారి ఉంటే మాత్రం తెచ్చి తీరాలంటాను.

చాంటిలీ చంద్రం:
పరిహారం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా పార్కింగ్ భవనం మీద శవయాత్ర అనుకున్నవాళ్ళు ఎవరూ లేరు, లేదా ఉన్నా నేను చూడలేదు. అయితే మొత్తంగా తెచ్చే దారి లేదు కనుక, మీరూ నేనూ చెబుతున్నది ఒకటే.

క్లియర్‌లేక్ కోడలు:
ఒకటి కాదండీ. మీరు దారి లేదని సంతోషిస్తున్నారు.

సముద్రపుగాలి:
రెక్కలు విప్పి పడవ మీద తేవచ్చు కదా?

చాంటిలీ చంద్రం:
రెక్కలు విప్పడానికి అది బొమ్మ విమానం కాదు.

లెక్కల మాస్టారు:
ఇంతమంది ఇంత రాశారు కానీ, చట్టంలో డిస్కవరీ పేరు ఏ వాక్యంలో ఉందో ఇంతవరకూ ఒక్కరూ చూపించలేదు.