ఇంజినీరింగ్ లెక్కలకు చేతి కాలిక్యులేటరా, కంప్యూటర్లో సాఫ్ట్‌వేరా?

లోడ్‌కేస్:
మా డిజైన్ ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లెవరి దగ్గరా కాలిక్యులేటర్ లేదు. రెండు మానిటర్లు, ఎక్సెల్, పైథాన్, అంతే. సీనియర్లు మాత్రం అంకెలు అరిగిపోయిన సైంటిఫిక్ కాలిక్యులేటర్‌ని వదలరు. సూటిగా అడుగుతున్నా, ఇంకా ఆ డబ్బా ఎందుకండీ? అందులో లెక్క కట్టి, జవాబు చూసి మళ్లీ కంప్యూటర్లో కొట్టడం రెండు పనులు, తప్పులు దొర్లేదే అక్కడ.

ఆర్పీఎన్_అభిమాని:
అక్కడొక్కచోటే దొర్లుతాయా? ఎక్సెల్లో సైన్ 30 కొట్టండి, డిగ్రీలు కాదు రేడియన్లనుకుని -0.988 ఇస్తుంది. సరే, మైనస్ చూసి పట్టేస్తారు. 45 కొడితే 0.851 వస్తుంది, రావాల్సింది 0.707, చూడ్డానికి రెండూ బుద్ధిమంతుల్లాగే ఉంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. -2^2 కి ఎక్సెల్ 4 అంటుంది, క్యాషియో -4 అంటుంది. విండోస్ కాలిక్యులేటర్ సంగతి సరేసరి, 2+3×4 కి స్టాండర్డ్ మోడ్‌లో 20, సైంటిఫిక్ మోడ్‌లో 14! 1972లో హెచ్‌పీ-35 అనే జేబు కాలిక్యులేటర్ వచ్చి స్లైడ్ రూల్‌ని (లెక్కలు కట్టే జారుడు స్కేలుని) ఇంటికి పంపినప్పటి నుంచీ మాది ఒకటే పద్ధతి, ఆర్పీఎన్, అంటే ముందు అంకెలు, తర్వాత గుర్తు కొట్టడం, బ్రాకెట్ల గొడవ లేకుండా ప్రతి మధ్య జవాబూ కళ్లతో చూసుకుంటూ ముందుకెళ్తాం.

లోడ్‌కేస్:
మోడ్ తిప్పలు మీ డబ్బాకి లేవా? రేడియన్ మోడ్‌లో ఉంటే పైన మూల చిన్న ‘ఆర్’ అక్షరం ఉంటుంది, హడావుడిలో దాన్ని చూసేదెవరు?

చెక్_చేసేవాడు:
ఇద్దరూ లెక్క కట్టేవాడి వైపు నుంచే మాట్లాడుతున్నారు, నా పని అవతలివాళ్లు కట్టిన లెక్క చూడటం, కాబట్టి ఆ వైపు చెప్తా. రెండు చివర్లా ఊరికే ఆనించిన (సింప్లీ సపోర్టెడ్) 6 మీటర్ల స్టీల్ బీమ్, బరువు మీటరుకి 12 కిలోన్యూటన్లు, బీమ్ అడ్డుకోత ఆకారాన్ని బట్టి వచ్చే I విలువ 8×10⁷ మి.మీ⁴, స్టీల్ బిగువు చెప్పే E విలువ 2×10⁵ న్యూటన్లు/మి.మీ². డెఫ్లెక్షన్, అంటే బీమ్ మధ్యలో వంగేది, 12.7 మి.మీ. రావాలి. I ని పొరపాటున సెం.మీ⁴ లో, అంటే 8000 అని వేస్తే 127 మీటర్లు వస్తుంది, అది చూసి నవ్వుకుని సరిచేస్తారు. భయమంతా ఘాతం 7 బదులు 8 పడినప్పుడే. 1.27 మి.మీ. వస్తుంది, పరిమితి లోపే ఉంది కాబట్టి అందరూ హాయిగా సంతకం పెట్టేస్తారు.

అది చేతి కాలిక్యులేటర్ మీద కట్టి ఉంటే నాకు దొరికేది 1.27 అన్న అంకె ఒక్కటే, ఏ కీ తప్పు నొక్కారో ఎప్పటికీ తెలియదు. ఎక్సెల్ షీట్‌లో అయితే ఆ గడి కనిపిస్తుంది. కాబట్టి ఇంకొకరు చూడాల్సిన లెక్క ఏదైనా సాఫ్ట్‌వేర్‌లోనే ఉండాలి, ఇందులో బేరం లేదు. కానీ నేను చెక్ చేసేటప్పుడు అదే షీట్ తెరిచి చూస్తే వాళ్ల దారిలోనే నడిచి, వాళ్ల గోతిలోనే పడతా. అందుకే డ్రాయింగ్ పక్కన పెట్టుకుని, షీట్ మూసేసి, చేతి కాలిక్యులేటర్ మీద మొదటి నుంచీ కడతా. ఇక వేగం గురించి వాదన నాకు టైమ్ వేస్ట్.

సైట్_ఇంజినీర్:
లాప్‌టాప్ బ్యాచ్ ఒకసారి మధ్యాహ్నం ఎండలో స్లాబ్ మీదకొచ్చి స్క్రీన్ చూడండి. గ్లౌజులతో ఫోన్ టచ్ పనిచేయదు. మా దగ్గర చర్చే లేదు.

ఆర్పీఎన్_అభిమాని:
మధ్యేమార్గం కావాలంటే ఫ్రీ42 ఉంది, ఉచితం. 1988 నాటి హెచ్‌పీ-42ఎస్ కాలిక్యులేటర్‌ని కంప్యూటర్లోకీ ఫోన్లోకీ దింపేశారు, 34 అంకెల దాకా దశాంశ లెక్క చేస్తుంది. మౌస్‌తో కీలు నొక్కడం మాత్రం నరకం, కీబోర్డు షార్ట్‌కట్లు అలవాటయ్యేదాకా ఓపిక పట్టాలి.

లోడ్‌కేస్:
షీట్ మూసేసి కట్టడం అనే పాయింటు ఒప్పుకుంటున్నా, మిగతాది కాదు. చెక్ చేసేవాడు గారూ, యూనిట్లు కూడా చూసుకునే సాఫ్ట్‌వేర్ వాడితే మీ గొడవ సగం తీరదా?

చెక్_చేసేవాడు:
తీరుతుంది. మ్యాథ్‌క్యాడ్, ఎస్‌మ్యాథ్ లాంటి వాటిలో 8000 సెం.మీ⁴ అని యూనిట్‌తో రాస్తే అదే మార్చుకుంటుంది. ఆ 127 మీటర్ల రకం తప్పులు పోతాయి. 7 బదులు 8 కొడితే మాత్రం అదీ కిక్కురుమనదు.